ఎర్ర నూనె డబ్బా

డిసెంబరు నెల. సిద్దిపేటలో పొద్దు పొడిచినా మంచు విడవలేదు.

ఇత్తడి సామాన్ల కొట్టు జగదీశ్వర్ ఇంటి ముందు విదేశీ కారు రొద పెడుతోంది తప్ప అంగుళం కదలడం లేదు.

మూడు నెలల కింద హైదరాబాదులో ఒక దళారీ దగ్గర కొన్న పాత బండి అది. క్లచ్ ఉండదు. గేర్లు వాటంతటవే పడతాయి. ఊరంతా వచ్చి చూసిపోయింది.

ఇప్పుడు వెనక సీట్లో తల్లి విమలమ్మ ఊపిరి అందక ఎగపోస్తోంది. 'ఆలస్యం చేయకుండా పట్నం తీసుకుపో' అన్నాడు డాక్టరు.

జగదీశ్వర్ దేవుడికి మొక్కి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

ఒక్కటీ నలగలేదు.

"థూ! దీన్ని కొన్న నన్ను చెప్పు తీస్కొని కొట్టాలె!"

యాక్సిలరేటర్ బలంగా తొక్కాడు. ఇంజను అరిచింది. అంతే.

మెకానిక్ నాగేశం లారీ గేరు ఆయిలు, గరాటు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"గిది పోస్దాం సేటు. గేరుబాక్సు ఏ బండిదైనా ఒక్కటే."

"పోయ్, జల్ది!"

అప్పుడే మంచులోంచి ఒక ముసలాయన వచ్చి గరాటుకు చెయ్యి అడ్డం పెట్టాడు. మాసిన షేర్వాణీ, మెడకు మఫ్లరు, చంకలో చిన్న డబ్బా.

"వద్దు! గా నల్ల నూనె పోస్తే బండి మొత్తానికే పోతది. గట్ల తొక్కకున్రి సాబ్."

"ఎవనివి నువ్వు?"

"నేను ఉత్తరం రాసిన గద సాబ్..."

"నీ ఉత్తరం మన్నువడ! మా అవ్వ పానం మీదికొస్తే నీ ముచ్చటేంది? జరుగు!"

ఒక్క తోపు తోశాడు. ముసలాయన పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. డబ్బా మాత్రం వదల్లేదు.

లేచి మళ్ళీ అడ్డం వచ్చాడు.

"ఇంకోపారి నూకున్రి! గని పది నిమిషాలు నా మాటినున్రి!"

ఆ గొంతులో జగదీశ్వర్ కోపాన్ని మించిన కోపం ఉంది.

"ఇను కొడుకా," అంది వెనక నుంచి విమలమ్మ. "గాయన కండ్లల్ల నీళ్ళున్నయి."

జగదీశ్వర్ పళ్ళు నూరుతూ పక్కకు జరిగాడు.

ముసలాయన బానెట్ ఎత్తి, తడుముకోకుండా ఒక సన్నటి కడ్డీ లాగి చూశాడు. డబ్బాలోంచి ఎర్రగా, షర్బత్ లాంటి నూనె పోశాడు.

"నూనె తక్కువైంది. చలికి గేరు పడ్తలేదు. జర వేడెక్కనియ్యున్రి."

ఆ పది నిమిషాలూ జగదీశ్వర్ గడియారం చూస్తూ తిడుతూనే ఉన్నాడు.

"మా అవ్వకేమన్నయితే నిన్ను గీ బండికే కట్టేస్త!"

ముసలాయన విమలమ్మనే చూస్తూ, పెదాలు కదుపుతూ నిలబడ్డాడు.

"ఇగ పోన్రి."

గేరు పడింది. నిమ్మకాయలు నలిగాయి. జగదీశ్వర్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

'ఇంకో గంట ఆలస్యమైతే దక్కకపోయేది' అన్నారు పట్నం డాక్టర్లు.

పదో రోజున ఇల్లు చేరిన విమలమ్మ, దేవుడి ముందు దీపం పెట్టి మొదట అడిగిందొక్కటే.

"గా సాయబు ఉత్తరం రాసిన అన్నడు. ఏదిరా?"

"నెల కింద ఉర్దూల కార్డొచ్చింది. ఎవడో నౌకరీ అడుగుతుండనుకొని క్యాలెండరెనక చెక్కిన."

"సదివియ్యకుంటనే అనుకున్నవా?"

జగదీశ్వర్ విసుక్కుంటూనే కార్డు తీసుకుని దర్జీ జలాల్ దగ్గరికి పోయాడు.

జలాల్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "రాసింది ఖుతుబుద్దీన్. అడ్రసు లేదు, సేటు."

"ఏం గావాల్నట?"

జలాల్ మెల్లగా చదివి చెప్పాడు.

"'సాబ్, దళారీ చేతుల వెట్టి గా బండి అమ్మింది నేనే, పోయిన చలికాలం గది కదలక, వెనక సీట్లనే మా ఇంటామె షమ్షున్నీసా పానం ఇడిచింది, తప్పు నూనెదని నాకు అమ్మినంక తెలిసింది, చలి ముదరంగనే డబ్బా తీస్కొని నేనే వస్త.'"