తగ్గుతోందట

డాక్టరుకు తెలుగు ముక్క రాదు. టైలరుకు ఇంగ్లీషు ముక్క రాదు. మధ్యలో టైలరు భార్య. ఒకప్పుడు టైపిస్టుగా పనిచేసిన మనిషి, గడగడా మాట్లాడేస్తుంది.

డాక్టరు ఆమెకేసే చూస్తూ పావుగంట చెబుతాడు. ఆమె తలూపుతుంది.

"ఏమన్నాడే?"

"తగ్గుతోందటండీ."

పావుగంట మాటలకు ఒక్క ముక్కా! టైలరుకు అనుమానం పట్టుకుంది. జబ్బు తగ్గుతోందా, ముదురుతోందా? తేల్చుకోవాలి. అదీ ఆమెకు తెలియకుండా.

కొట్టు పక్క గదిలో ఉండే రిటైర్డ్ మాస్టారి కాళ్ళమీద పడ్డాడు, ఇంగ్లీషు నేర్పమని.

"మనం క్రియను వాక్యం చివర్లో పెడతాం. వాళ్ళు కర్త పక్కనే కూర్చోబెడతారు," అన్నారు మాస్టారు.

"అంటే గుండీ ముందే కుట్టేసి, చొక్కా తర్వాత కుడతారన్నమాట. ఇదేం కుట్టు మాస్టారూ!"

క్రియ దాకా ఎలాగో నెట్టుకొచ్చాడు. దాని తోకలే ప్రాణం తీశాయి. గివ్ అంటే ఇవ్వడం. గివ్ అప్ అంటే వదులుకోవడం. గివ్ ఇన్ అంటే లొంగిపోవడం.

"ఇంత ముక్క తగిలిస్తే అంత అర్థం మారిపోతుందా? అన్యాయం!" అని గొణుక్కుంటూనే, కాజాలు కుడుతూ అన్నీ బట్టీపట్టాడు.

ఈసారి ఆసుపత్రిలో డాక్టరు నోరు తెరవగానే చెవులు రిక్కించాడు. కర్త, వెంటనే క్రియ, దాని తోక. ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి. మందులు పనిచేయడం మానేశాయి. ఆపరేషను ఆలోచన వదులుకున్నాం. ఇక ఎక్కువ కాలం లేదు.

టైలరు భార్యకేసి తిరిగాడు. ఏమీ ఎరగనట్టే అడిగాడు.

"ఏమన్నాడే?"

"బాగా తగ్గిందటండీ. మందులు కూడా ఆపేద్దామన్నాడు," అందామె నవ్వుతూ.

ఆ నవ్వుకి అతనికి ఒళ్ళు మండిపోయింది. ఎన్నిసార్లు ఇలాగే నవ్వింది! ఎన్నిసార్లు పిచ్చివాడిలా నమ్మాడు! గది దాటి వసారాలోకి రాగానే ఇక ఆగలేకపోయాడు.

"నాకు ఇంగ్లీషొచ్చే! ప్రతి ముక్కా అర్థమైంది. ఇన్నాళ్ళూ నన్ను వెర్రివెంగళప్పను చేశావు."

ఆమె ముఖం పాలిపోయింది. "తెలిస్తే మీరు తట్టుకోలేరని..."

"అది తేల్చడానికి నువ్వెవరు? కట్టుకున్న పెళ్ళామే ఇంత ద్రోహం చేస్తే ఇంకెవర్ని నమ్మను?"

"అరవకండి. అందరూ చూస్తున్నారు."

"చూడనీ!" అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చచ్చిపోయేది నువ్వయితే మాత్రం, నాకు చెప్పాపెట్టకుండా పోదామనుకున్నావటే?"