బాయిలర్ కాడి పెద్దయ్య

ఉజ్వల వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు.

తిరిగి చూసింది. తెల్ల మీసాల ముసలాయన. భుజం మీద తువ్వాల. ఆయన ఆమెను చూడటం లేదు. ఆమె తల మీదుగా బాయిలర్ వైపు చూస్తున్నాడు.

"ఏం కావాలె తాతా?"

"నీళ్లు," అన్నాడాయన.

ఉజ్వల తన సీసా అందించింది. ఆయన సీసానూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. తాగకుండానే దాన్ని టేబుల్ మీద పెట్టి మళ్లీ అటే చూడసాగాడు.

తాగనివాడు అడగడం దేనికో ఆమెకు అర్థం కాలేదు.

ఇబ్రహీంపట్నం శివార్లలోని ఆ బాయిల్డ్ రైసు మిల్లుకు ఉజ్వల తుర్కయాంజాల్ నుంచి వచ్చింది. మిల్లును నడిపే పాత టచ్ స్క్రీను తీసి కొత్తది పెడుతున్నారు. ప్రతి మోటారుకూ, ప్రతి వాల్వుకూ ఆ స్క్రీను లోపల ఒక పేరుంటుంది. ట్యాగ్ అంటారు. కొత్త స్క్రీనులో పాత ట్యాగులన్నీ పట్టవు. వాడకంలో లేనివి వెతికి తీసేయాలి. అదీ ఆమె పని.

చాలావరకు తేలికే. ఏనాడో పీకేసిన మోటార్ల పేర్లు, ఎవరో పరీక్షకు పెట్టి మరిచిపోయిన పేర్లు.

ఒక్కదాని దగ్గర ఆగిపోయింది. 'బాయిలర్ నీళ్లు తక్కువ.'

ఎక్కడ వాడారని వెతికితే, ఎక్కడా లేదని వచ్చింది. స్క్రీను మీది ఏ బొమ్మలోనూ లేదు. ఏ హారన్‌కూ కలపలేదు.

మళ్లీ వెతికింది. మళ్లీ అదే జవాబు.

లేచి పోయి మేనేజర్ తిరుమల్‌ను అడిగింది.

"సార్, ఈ నీళ్ల ట్యాగు దేనికీ కలపలేదు. ఇంత ముఖ్యమైంది ఎట్ల వదిలేసిన్రు?"

"నేనీడికి కొత్త. నేను రాకముందుది అది. బాయిలర్ మంచిగనే నడుస్తుంది కద. వాడుతలేరంటె తీసెయ్యమ్మా."

వచ్చి తీసేసింది.

"నీళ్లు," అన్నాడు వెనక నుంచి ముసలాయన.

సీసా ఆయన ఎదురుగానే ఉంది. బాయిలర్ నడిపే లింగం మాత్రం గబుక్కున లేచి బయటికి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చాడు.

"ఈ తాతెవరు అన్నా?" మెల్లగా అడిగింది ఉజ్వల.

"మనోడే మేడం. పెద్దయ్య."

"ఏం పని చేస్తడు?"

లింగం నసిగాడు. "పనంటె ఏం లేదు. ఊకెనే వస్తడు."

"పని లేనోన్ని బాయిలర్ దగ్గరికి ఎట్ల రానిస్తున్నరు?"

లింగం వినిపించుకోనట్టు బాయిలర్ పొయ్యిలోకి ఊక ఎగదోయడంలో పడ్డాడు.

మర్నాడూ అంతే. ఆమె ఒక పేరు వెతుకుతుంటే వెనక "నీళ్లు". ఆమె లెక్క తప్పేది. ఏది చూసిందో, ఏది చూడలేదో మళ్లీ మొదటికి వచ్చేది.

చివరికి తిరుమల్ దగ్గరికి పోయింది.

"సార్, ఆయన మాటిమాటికి నీళ్లంటడు, ఇస్తే తాగడు. మతి సరిగ లేనట్టుంది. బాయిలర్ దగ్గర కాలు జారితే ఎవరిది పూచీ?"

తిరుమల్ ఉలిక్కిపడ్డాడు. అలాంటి మనిషి ఒకడు లోపల తిరుగుతున్నట్టే ఆయనకు తెలియదు. వాచ్‌మన్‌ను పిలిచాడు.

పెద్దయ్య ఎదురు చెప్పలేదు. తువ్వాల దులుపుకున్నాడు. పోతూ పోతూ ఉజ్వల దగ్గర ఆగాడు.

"లింగం పరాకు మనిషి బిడ్డా. జర చూస్తుండు."

ఎవరిని చూడాలో, ఏం చూడాలో ఆమెకు బోధపడలేదు. తలూపింది.

ఆ మధ్యాహ్నమే అన్నాల వేళకు పెద్ద చప్పుడైంది.

బాయిలర్‌లో నీళ్లు అడుగంటి ఒక గొట్టం పగిలింది. ఆవిరి ఎగదన్నింది. లింగం కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

ఉజ్వల స్క్రీను దగ్గరికి పరుగెత్తింది. ఆ ట్యాగు తీసింది తనే.

దాచిపెట్టిన పాత ప్రోగ్రాము తెరిచింది. పాత స్క్రీనులోనే ఎక్కించి, నీళ్లు తగ్గినట్టు చూపించి హారన్ కోసం చెవులు రిక్కించింది.

మోగలేదు.

ఆమె తీయకపోయినా మోగేది కాదు. ఆ పేరు పెట్టినవాళ్లు హారన్‌కు కలపకుండానే పని వదిలేసి పోయారు.

తప్పు తనది కాదని తేలింది. కానీ ఊరట కలగలేదు. మరి ఇన్నాళ్లూ బాయిలర్ ఎట్లా నడిచింది?

సాయంత్రం దవాఖానకు పోయి లింగాన్ని అదే అడిగింది.

"నీళ్లు తగ్గినయని నీకెట్ల తెలుస్తుండె అన్నా?"

"బాయిలర్‌కు గాజు గొట్టం ఉంటది మేడం. అండ్ల కనవడ్తది. నేనే చూసుకోవాలె. ఊక పోసుడుల పడితె నాకు యాదికుండదు. పెద్దయ్య చూసి నీళ్లనంగనే నేను పోయి పంపు ఏస్తుంటి."

ఆయన్ని బయటికి పంపించింది ఉజ్వలే.

"ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్తె సారు ఉండనిస్తడా? బయటి మనిషాయె."

"మళ్ల పిలిస్తే వస్తడా?"

"సారు పెద్దయ్య ఇంటికి పోయిండంట. 'లింగం బతికిండా' అని అడిగి, పెద్దయ్య తలుపేసుకున్నడంట."

"పొద్దంతా ఆ వేడికి నిలబడాల్సిన అవసరం ఆయనకేంది అన్నా?"

లింగం కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు.

"నాకంటె ముందు ఆ బాయిలర్ నడిపినోడు గిట్లనే నీళ్లు అడుగంటి పేలితె సచ్చిపోయిండు మేడం. ఎల్లేశ్ అని, పెద్దయ్య కొడుకు."