వాసన కోసం

ఒక కొండ అడవిలో నీలమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఇప్పపూలంటే దానికి ప్రాణం. రాలి పులిసిన పూలు మేసి ఒళ్లు తెలియకుండా పడిపోయేది. ఒకనాడు అలా పడి ఉన్నప్పుడే దాని ఇద్దరు పిల్లల్లో పెద్దదాన్ని రేచుకుక్కలు ఎత్తుకుపోయాయి. మిగిలిన చిన్నదాన్ని నీలమ్మ అక్క తన గుహకు తీసుకుపోయింది.

ఆనాటి నుంచి నీలమ్మ పువ్వు ముట్టలేదు. పొద్దు వాలగానే కొండదేవర రాతి ముందు కూర్చుని, ఆ రోజు తను ఏం చేసిందో, ఎందుకు చేసిందో దాచకుండా చెప్పుకునేది.

చాలా కాలానికి అక్క మెత్తబడింది. "ఇవాళ పొద్దు వాలాక వచ్చి నీ బిడ్డను తీసుకుపోవే," అని కబురు పెట్టింది.

ఆ సాయంత్రం కూడా నీలమ్మ రాతి ముందు కూర్చుంది. "దేవరా, ఇవాళ చెదలు తిందామని ఇప్పచెట్ల దారిన వెళ్లాను. అది దగ్గరని..." అంటూ ఆగిపోయింది. "దగ్గరని కాదు దేవరా. వాసన కోసం వెళ్లాను."

లేచి అక్క గుహకు వెళ్లింది. పిల్ల ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకుంది.

"అక్కా, బిడ్డను ఇవాళ నాతో పంపకు. పువ్వు ముట్టలేదు గానీ, మనసు ఆ చెట్ల కిందికి పోయింది."

అక్క దాని ముఖంలోకి చూసింది. "నువ్వు ఎన్ని ఒట్లు వేసినా నిన్ను మనసారా నమ్మలేదే. ఇవాళ నమ్ముతున్నాను," అంటూ పిల్లను లోపలికి తీసుకుపోయింది.

"అమ్మా, నేనేం చేశాను?" అని పిల్ల ఏడ్చింది.

"నువ్వేం చేయలేదు తల్లీ," అని బయటి నుంచే చెప్పి, ఆ ఏడుపు ఆగేదాకా నీలమ్మ అక్కడే కూర్చుంది.