వెనక బెంచీల గుసగుస

మళ్ళీ అదే గుసగుస.

రెనాతో అనే ఇంజనీరు తన ఉపన్యాసం ఆపి వెనక బెంచీల వైపు చూశాడు.

బళ్ళో ఉన్న ఒక్క పెద్ద గదినీ ఆ ఉదయం అతని కోసం ఖాళీ చేశారు. ముందు వరసల్లో పడుచువాళ్ళు. వెనక, టోపీలు తియ్యకుండా కోకా ఆకు నములుతూ ముసలివాళ్ళు. వాళ్ళ మధ్యలో ఒళ్ళో రొట్టెల బుట్టతో ఒక ఆడమనిషి. అటు వంగుతుంది, ఇటు వంగుతుంది. నోరు మాత్రం ఆగదు.

రెనాతో లీమాలో ఒక విశ్వవిద్యాలయంలో మంచుకొండల మీద పరిశోధన చేస్తాడు. కనిపెట్టినదంతా కాగితాల్లోనే ఉండిపోతే ఎవరికి లాభం, ఊళ్ళలోకి వెళ్ళి జనానికి చెప్పే అవకాశం ఇవ్వండని పెద్దల చుట్టూ రెండేళ్ళు తిరిగాడు. ఈ ఊరి నెత్తిన ఉన్న చెరువంటే అతనికి అంత భయం. పైనున్న మంచు విరిగి అందులో పడిందా, నీళ్ళు గట్టు దాటి ఊరి మీదికే వస్తాయి.

మొదలుపెట్టే ముందే ఊరిపెద్దని అడిగాడు.

"ఫోర్తునాతో గారూ, నేను చెప్పేది వీళ్ళందరికీ అర్థమవుతుంది కదా?"

"ఎంత మాట ఇంజనీరు గారూ! మాది కొండ ఊరే గాని మొద్దు ఊరు కాదు," అని ఊరిపెద్ద ఛాతీ విరుచుకున్నాడు.

ఉపన్యాసం బాగానే నడిచింది. సైరన్ మోగితే ఇళ్ళల్లో ఉండొద్దు, ఎక్కడిదక్కడ వదిలేసి బయటికి రమ్మన్నాడు.

"మీ చెరువు మా అత్తగారి లాంటిది. చూడ్డానికి నిమ్మళంగానే ఉంటుంది. వచ్చిందంటే మాత్రం చెప్పాపెట్టకుండా వచ్చిపడుతుంది!"

ముందు వరసలు గొల్లున నవ్వాయి.

ఆ వెంటనే, పక్క లోయలో వరదకి పోయిన పిల్లల బొమ్మ గోడ మీద చూపించాడు.

సరిగ్గా అప్పుడు వెనక బెంచీలు గొల్లున నవ్వాయి.

రెనాతో ముఖం ఎర్రబడింది.

"అమ్మా, రొట్టెలమ్మా! మిమ్మల్నే."

"నన్నా నాయనా?"

"ఇందాకటి నుంచీ చూస్తున్నాను. నేను ఒక మాట అంటే మీరు పది అంటున్నారు. బేరమా, వేళాకోళమా?"

"అయ్యో, బేరం కాదు నాయనా. మీరు కాస్త నిదానంగా చెప్తే..."

"నాకు చెప్పడం నేర్పుతారా?"

ముందు వరసలో ఒక పడుచువాడు వెనక్కి తిరిగాడు. "సాతుర్నినా పిన్నీ, ఇంజనీరు గారు తన కుర్చీ నీకిచ్చేస్తారట, రా!"

నవ్వులు లేచాయి. రెనాతోకి ఇంకా మండింది.

"ఇక్కడ ప్రాణాల సంగతి చెబుతున్నానమ్మా. మీకక్కర్లేకపోతే మానెయ్యండి, వాళ్ళనైనా విననివ్వండి. దయచేసి బయటికి వెళ్ళండి."

ఆమె ఊరిపెద్ద వైపు చూసింది. ఊరిపెద్ద తన టోపీ అంచు చూసుకున్నాడు.

"సరే నాయనా. మిగతాది మీరే చూసుకోండి," అని బుట్ట ఎత్తుకుంది.

పక్కనున్న అవ్వ ఆమె పావడా పట్టుకుంది. రొట్టె కోసం కాబోలు అనుకున్నాడు రెనాతో. ఆమె మెల్లిగా విడిపించుకుని వెళ్ళిపోయింది.

"ఆవిడ మా ఊరిది కాదులెండి. కింద నుంచి సంతకి వస్తుంటుంది," అన్నాడు ఊరిపెద్ద.

"ఇప్పుడు అసలు సంగతి వినండి. బయటికి వచ్చాక చర్చిలోకి మాత్రం పోకండి. దాని గోడలు ఎంత లావైనా అది నీళ్ళ దారిలోనే ఉంది. శ్మశానం మెట్ట ఎక్కండి. చర్చి వద్దు, మెట్ట. అర్థమైందా?"

గుసగుస లేదు. గదంతా తలలూపింది. వెనక బెంచీలు ఇంకొంచెం ఎక్కువసేపే ఊపాయి.

ఎంత బుద్ధిగా విన్నారు అనుకున్నాడు రెనాతో.

ఆ వానాకాలంలో ఒక పొద్దున మంచు విరిగింది. పడుచువాళ్ళు ఆలుగడ్డ చేలల్లో ఉన్నారు. సైరన్ మోగింది.

రెనాతో వచ్చేసరికి చర్చి ఉన్నచోట బురద ఉంది. శ్మశానం మెట్ట మీద ఒక పక్క గుడారాలు, ఒక పక్క కొత్త గోతులు.

"పోయినవాళ్ళంతా ముసలివాళ్ళే," అన్నాడు ఊరిపెద్ద. "సైరన్ వినగానే బయటికైతే వచ్చారు. వచ్చి తిన్నగా చర్చిలోకి పోయి తలుపులేసుకున్నారు."

"వద్దన్నాను కదా! మీరెవరూ వాళ్ళకి మళ్ళీ చెప్పలేదా?"

"వాళ్ళూ ఆ గదిలోనే కూర్చున్నారు కదా. విన్నారనుకున్నాం," అన్నాడు ఊరిపెద్ద తల ఎత్తకుండా.

చర్చి లోంచి బతికి బయటపడిన అవ్వ ఒకావిడ గుడారం ముందు కూర్చుని ఉంది. పక్కన మనవరాలు. రెనాతో అవ్వ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అవ్వా, చర్చిలోకి పోవద్దని అంతలా చెప్పాను. ఎందుకు పోయారు?"

అవ్వ అతన్ని చూసి తలూపింది.

"ఎందుకు పోయారవ్వా?"

అవ్వ మళ్ళీ తలూపింది.

మనవరాలు వంగి అవ్వ చెవిలో ఏదో అంది. అప్పుడు అవ్వ చాలాసేపు మాట్లాడింది. రెనాతోకి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"ఏమంటోంది?"

"ఆ మాట తనకెవరూ చెప్పలేదంటోంది," అంది మనవరాలు. "మా పెద్దవాళ్ళకి క్వెచువా తప్ప మీ స్పానిష్ రాదు ఇంజనీరు గారూ."

"మరి సైరన్ మోగితే బయటికి రావాలని ఎలా తెలిసింది?" అన్నాడు రెనాతో.

"ఆ రొట్టెల సాతుర్నినా పిన్నే మీ మాటలన్నీ వాళ్ళకి మా భాషలో చెబుతూ వచ్చింది, మీరు బయటికి పొమ్మనేదాకా."