రెండో సంతకం

"ఇన్నాళ్ళకి దొరికావు. ఇక నిన్ను ఊరికే వదిలితే ఒట్టు!"

కొత్త నర్సు చేతిలోని దూది జారి కింద పడింది. ఐసీయూలో చేరి ఆమెకి నాలుగు రోజులే. ఆ మాట అన్నది ఎవరో కాదు, పెద్ద సిస్టర్. నాలుగో మంచం మీదికి వంగి పళ్ళు పటపటా కొరుకుతోంది. మంచం మీద డెబ్బై ఏళ్ళ మేష్టారు, సగం మగతలో.

పెద్ద సిస్టర్ ఆయన వేలికి సూది గుచ్చి రక్తపు బొట్టు తీసింది. మీటరు ఐదు వందల ఇరవై చూపించింది.

"తియ్యతియ్యగా మా ఇంట్లో చేరావు. మా నాన్నని మంచాన పడేశావు. ఏడాది తిరక్కుండా పొట్టన పెట్టుకున్నావు. అప్పుడు నాది పదో క్లాసు. మర్చిపోయాననుకున్నావా?"

మేష్టారు మూలిగారు. అంతే, ఆమె గొంతు వెన్నలా మారిపోయింది.

"నొప్పి పెట్టిందా మేష్టారూ? ఏం కాదు, మీరు పడుకోండి."

అమ్మ బాబోయ్, ఎంత నటన! అనుకుంది కొత్త నర్సు.

గంట గడిచింది. మళ్ళీ సూది. ఐదు వందల ఐదు.

"మొండికేస్తావా, నా దగ్గరా? నిన్ను ఒక్క దెబ్బకి పడగొట్టనులే. గంటకి కొంచెం, గంటకి కొంచెం. చచ్చినట్టు దిగొస్తావు!"

పెద్ద సిస్టర్ ఇన్సులిన్ పంపు వైపు తిరిగింది.

"రేటు పెంచాలి. ఇలా వచ్చి చూసి సంతకం పెట్టమ్మా."

అక్కడ ఇన్సులిన్ చుక్క పెంచాలన్నా ఇద్దరు నర్సులు చూడాలి, ఇద్దరూ సంతకం చెయ్యాలి. మోతాదు మించితే మనిషి మగతలోనే పోతాడు. సంతకం పెడితే ఆ పాపంలో తనకీ వాటా. పెట్టకపోతే ఉద్యోగం గోవిందా.

"పెట్టను," అంది కొత్త నర్సు, పెన్ను బల్ల మీద పడేసి. "నేను అంతా విన్నాను సిస్టర్! పగలుంటే బయట తీర్చుకోండి. పాపం, లేవలేని మనిషి మీదా మీ ప్రతాపం? ఇప్పుడే వెళ్ళి డాక్టరు గారికి చెప్పేస్తా."

పెద్ద సిస్టర్ తెల్లబోయింది. తర్వాత మెల్లగా, డాక్టరు రాసిన చార్టు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. సిస్టర్ పెంచబోయిన రేటే సరిగ్గా అందులో ఉంది. తలెత్తి చూస్తే పెద్ద సిస్టర్ కళ్ళ నిండా నీళ్ళు.

"మేష్టార్ని నేను 'మీరు' అనే అన్నాను కదే పిచ్చిపిల్లా, 'నువ్వు' అన్నది మా నాన్నని మింగి, ఇప్పుడు ఈయన ఒంట్లో దూరిన షుగర్ని!"