దడి అవతలి గురక

ఒక పెరట్లో బొల్లిగాడనే కుక్క ఉండేవాడు. ఇంటివాళ్లు పొలానికి వెళ్లగానే మొదలుపెట్టి మధ్యాహ్నమంతా మొరిగేవాడు. దడి అవతలి గాడిదకేమో అదే కునుకు తీసే వేళ. పొద్దుటినుంచీ చాకిరేవుకు బట్టల మూటలు మోసి, ఒళ్లు హూనమై వచ్చేది పాపం. ఇక ఓర్చుకోలేక, అక్కడి జంతువులన్నిటికీ పెద్దదిక్కైన గేదె పెద్దమ్మకు చెప్పుకుంది.

"మిట్టమధ్యాహ్నం ఎవరూ గోల చెయ్యకూడదు. చేస్తే ఊరి బయటికే!" అని గేదె అందరి ముందూ తీర్పు చెప్పింది.

మర్నాడు బొల్లిగాడు పళ్లు బిగపట్టి కూర్చున్నాడు. పెరడు నిశ్శబ్దమైనకొద్దీ వాడి గుండె దడదడలాడింది. మొరుగు ఆపుకున్నాడు గానీ ఏడుపు ఆగలేదు.

గాడిద దడి మీదుగా తొంగిచూసింది. "ఏమైందిరా?"

"ఒక్కణ్ణే ఉంటే భయమేస్తుందత్తా. మొరిగితే నా గొంతైనా నాకు తోడుంటుంది."

గాడిద మనసు చివుక్కుమంది. "ఈ మాట ముందు నిన్నే అడగాల్సింది నాయనా" అంటూ, అవతలి వైపునుంచే దడికి ఆనుకుని వాడి పక్కనే పడుకుంది. కాసేపటికే గురక అందుకుంది. దడి కర్రలు కూడా అదిరిపోతున్నాయి. బొల్లిగాడికి మాత్రం ఆ చప్పుడు వింటుంటే ప్రాణం కుదుటపడింది.

ఇంతలో గేదె రుసరుసలాడుతూ వచ్చింది. "ఎవరిదే ఈ గోల? తీర్పు మరిచారా?"

బొల్లిగాడు గబగబా ఎదురెళ్లి గుసగుసగా బతిమాలాడు. "మెల్లగా పెద్దమ్మా, అత్త లేస్తుంది. నాకు తోడుగా పడుకుంది. నీకు పుణ్యముంటుంది, ఆ గురక మాత్రం ఆపకు."