ఎర్ర నూలు

“ఇంకా పడమటికి పోదాం,” అన్నాడు గుల్లిక్, బంగాళాదుంపల గిన్నె దగ్గరికి లాక్కుంటూ. “అక్కడ నేల నల్లగా నిగనిగలాడుతోందట. ఈ చలికాలం దాటగానే ఈ పొలం అమ్మేసి బండి కడతాను.”

అతని తల్లి గ్రో చేతిలో చెంచా ఆగిపోయింది. పొయ్యి పక్కన కూర్చుని కుడుతున్న కోడలు సిగ్రి మాత్రం తల ఎత్తలేదు. ఆమెకు ఆరో నెల.

నార్వే నుంచి వచ్చి అమెరికాలో ఓడ దిగి తొమ్మిదేళ్లయింది. డకోటాలో ఈ మట్టిపెళ్లల ఇల్లు వాళ్ళకి మూడోది. మొదటి పొలం వదిలి వస్తుంటే బండిలోనే జ్వరమొచ్చి మనవడు పోయాడు. రెండోది వదిలి వస్తుంటే మనవరాలు పోయింది. ఇద్దర్నీ దారి పక్కన పూడ్చి ఎడ్లను అదిలించాడు గుల్లిక్. ఆ గోతులు ఎక్కడున్నాయో ఇప్పుడు చూపించమన్నా గ్రో చూపించలేదు.

“పసిగుడ్డును బండిలో వేసుకుని ఎలా పోతాంరా?” అంది.

“పిల్లలదేముందమ్మా, మళ్ళీ పుడతారు. మంచి నేల మళ్ళీ దొరుకుతుందా?”

“కాలికి బలపం కట్టుకుని పుట్టావు నువ్వు. తాడేసి కట్టేస్తే తప్ప ఆగవు.”

గుల్లిక్ పకపకా నవ్వాడు. గ్రోకీ నవ్వొచ్చింది. సిగ్రి ఒక్కతే నవ్వలేదు.

అతను బయటికి వెళ్ళాక గ్రో కోడలి పక్కన చతికిలబడింది. సిగ్రి కుడుతున్నది పొత్తిగుడ్డ పట్టీ. బాప్తిస్మం నాడు బిడ్డకు చుట్టేది. దాని మీద ఎర్ర నూలుతో పేరు కుట్టాలి. అత్త చూపు పడగానే సిగ్రి దాన్ని చుట్టేసి ఒళ్ళో దాచుకుంది.

“దాచుకుంటే మాత్రం నాకు తెలీదా ఏమిటే? తాత పేరేగా, తర్యే అని. పోయిన పెద్దాడికీ అదే పెట్టాం. పోయినవాడి పేరు పుట్టేవాడికి రావాలి.”

“బాప్తిస్మం దాకా ఎవరికీ చూపించొద్దని మీరే అన్నారు కదా అత్తయ్యా.”

“అన్నానులే. ముందే బయటపడితే నేల కిందివాళ్ళు, ఆ భూతాలు, బిడ్డను మార్చేసి పోతారు. మరి ఆడపిల్లయితే?”

“చివర రెండక్షరాలు కలుపుతాను.”

తొలి మంచు పడిన రోజు సిగ్రి ఆ పట్టీని తెల్లగుడ్డలో మూట కట్టి అత్త చేతికిచ్చింది. “మీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. కుట్టడం అయిపోయింది,” అంది. గ్రో పువ్వుల రంగుల పెట్టెలో దాన్ని పెట్టి, తాళంచెవి ఎప్పటిలాగే మెడలో వేసుకుంది.

ఆ రోజే గుమ్మం నుంచి పశువుల కొట్టం దాకా తాడు కట్టారు. మంచు తుఫానులో తాడు పట్టుకోకుండా గడప దాటినవాడు తిరిగి రాడు. కొట్టం వైపు ముడి గుల్లిక్ వేశాడు, గుమ్మం వైపు ముడి సిగ్రి వేసింది.

“జాలరి కూతురమ్మా నా పెళ్ళాం!” అన్నాడు గుల్లిక్ గొప్పగా. “అది వేసిన ముడి అది విప్పాలే గాని ఊడదు.”

డిసెంబరు మొదట్లో తుఫాను వచ్చింది. పట్టపగలే చెయ్యి చాస్తే చెయ్యి కనపడని తెలుపు. మధ్యాహ్నం గుల్లిక్ పశువులకు మేత వెయ్యడానికి తాడు పట్టుకుని వెళ్ళాడు. మోకాళ్ళ నొప్పితో గ్రో దుప్పట్లో ముడుచుకుని పడుకుంది. కాసేపటికి తలుపు కిర్రుమంది. చల్లగాలి ఇంట్లోకి కొట్టింది.

“ఎవరే?”

“నేనే అత్తయ్యా. తాడు చూస్తున్నాను.”

తలుపు మూసుకుంది. తర్వాత చాలాసేపు గాలి హోరు తప్ప మరేమీ లేదు. మధ్యలో ఎవరో పిలిచినట్టయి గ్రో ఉలిక్కిపడి లేచింది.

“వాడు కాదుటే?”

“గాలి అత్తయ్యా. పడుకోండి.”

మూడో రోజు తుఫాను తగ్గింది. గుమ్మానికి నలభై అడుగుల దూరంలో దొరికాడు గుల్లిక్. గుమ్మం వైపు ఊడిన తాడు కొస పిడికిట్లో గడ్డకట్టి ఉంది. “చలికి తాడు బిగుసుకుపోతుంది, ముడి జారుతుంది, ఎవరేం చేస్తారు,” అన్నాడు పక్క పొలం తోలెవ్. గ్రో గుండెలు బాదుకుంది. కొడుకు ఎలాంటివాడైనా కొడుకే. నేల రాయిలా ఉంది, గొయ్యి తవ్వడానికి వీల్లేదు. ఏప్రిల్ దాకా అతన్ని కొట్టంలోనే ఉంచారు.

గుల్లిక్ దొరికిన పన్నెండో రోజున సిగ్రికి మగపిల్లాడు పుట్టాడు. బొద్దుగా, గట్టిగా ఉన్నాడు. పేరు లేదు గనక “బుడ్డోడా” అనే పిలిచేవారు. బండి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పాస్టరు ఏప్రిల్‌లో వచ్చాడు. ఒకే రోజు రెండు పనులు. పొద్దున తండ్రిని పూడ్చారు, మధ్యాహ్నం కొడుక్కి బాప్తిస్మం. గ్రో కళ్ళు తుడుచుకుని పెట్టె తెరిచింది. మూట తొలి మంచునాడు పెట్టినట్టే ఉంది. నేల కిందివాళ్ళు రాకుండా ఉయ్యాల్లో దిండు కింద పెట్టిన కత్తెర చేతిలోకి తీసుకుంది.

“అయ్యో, తాత పేరు కుట్టుకున్నావు గదే తల్లీ. ఇది విప్పి మళ్ళీ కుట్టాలి. తండ్రి పోయాక పుట్టినవాడికి తండ్రి పేరే పెట్టాలి. బతికున్న తండ్రి పేరైతే ఎవరూ పెట్టరు గాని...”

“విప్పక్కర్లేదు అత్తయ్యా,” అంది సిగ్రి, బిడ్డకు పాలిస్తూ.

“నీకు తెలీదు, ఊరుకో.”

గ్రో మూట విప్పి పట్టీని మోకాళ్ళ మీద పరిచింది. దాని మీద ఎర్ర నూలుతో ‘గుల్లిక్’ అని కుట్టి ఉంది.